ఎడమ అంచు

మా డన్‌మియర్ మంచు హాకీ జట్టు ఆ ఏడు జనవరి మొదటికల్లా ముప్పైఒక్క ఆటలాడి ఇరవైరెండు ఓడిపోయింది. ఓడిపోవడం ఒక ఎత్తు, ఆ ఓటమి గురించి మావాళ్లు మాట్లాడుకోవడం ఒక ఎత్తు. ఆ మాటలన్నీ పొద్దున్న ఎనిమిదింటికి ఓరెస్ట్ బాబియాక్ కొట్లో మొదలయ్యేవి. అక్కడ కాఫీ ఊరికే దొరుకుతుంది, ఎవరెంత అరిచినా ఓరెస్ట్ ఏమీ అనడు. బయట చూస్తే సున్నాకి ముప్పై డిగ్రీలు కింద చలి. ఇంక మనుషులు వేరే చోటికెందుకు పోతారు?

ఓరెస్ట్‌కి డెబ్బైమూడేళ్లు. స్కేట్లకి పదును పెట్టడం అతని పని. ముప్పైఎనిమిదేళ్లుగా మా ఊళ్లో మంచు మీద కాలు పెట్టిన ప్రతివాడి బ్లేడూ అతని రాయి మీద ఒరిసిందే. ఉక్రేనియన్ ఇళ్లలో తాతని గీడో అంటారు. ఓరెస్ట్‌కి సొంత మనవలు లేరు గానీ, ఊళ్లో పిల్లలందరికీ అతనే గీడో.

మనిషి నెమ్మది, కానీ పని దగ్గర మహా గర్విష్ఠి. పోయిన సెప్టెంబరులో జట్టువాళ్లు కొత్త మిషను కొన్నారు. స్కేటు అందులో పెట్టి బొత్తాం నొక్కితే అదే పదును పెట్టేస్తుంది. ఆటగాళ్లు ఒక్కొక్కరే అటు జారుకున్నారు. ఓరెస్ట్ పైకేమీ అనలేదు, రెండు వారాలు అన్నం మాత్రం సరిగ్గా తినలేదు. ఆఖరికి అతని దగ్గర మిగిలింది ఒక్క బ్రేడెన్ నెస్బిట్. గోల్‌కీపరుకి ముందు నిలబడి అవతలివాళ్లని అడ్డుకునే ఆట వాడిది, పంతొమ్మిదేళ్లు. "మిషనుకి నా కాలేం తెలుసు గీడో," అని స్కేట్లు తెచ్చి బల్ల మీద పెట్టేవాడు. ఆ మాట ఓరెస్ట్‌కి వెయ్యేనుగుల బలం.

జనవరి ఎనిమిదో తారీఖు పొద్దున్న కొట్లో మళ్లీ పంచాయితీ మొదలైంది. ఆటగాళ్లని వేరే జట్లతో మార్చుకోవడానికి గడువు పదో తారీఖు సాయంత్రం నాలుగింటికి. అంటే ఎవర్ని ఉంచాలో ఎవర్ని వదలాలో తేల్చడానికి మావాళ్లకి మూడు రోజులున్నాయి. వాళ్లని అడిగేదెవరూ లేరు, అది వేరే సంగతి.

"అమ్మెయ్యాలి. పెద్దవాళ్లందర్నీ మూటగట్టి అమ్మెయ్యాలి," అంది డోరీన్. బడి బస్సు నడుపుతుంది, ఇరవై రెండేళ్లుగా ఒక్క ఆట తప్పించలేదు. ప్రతి ఆటా ఎర్ర పుస్తకంలో రాసుకుంటుంది. "పదహారేళ్ల కుర్రాళ్లని తెచ్చుకుని పునాది నుంచి కట్టుకోవాలి. మూడేళ్లు ఓపిక పట్టండి, కప్పు మనదే."

"మూడేళ్లా!" అన్నాడు గోర్డ్. ధాన్యం గోదాములో చేసి రిటైరైనవాడు. "నా గుండెలో రెండు స్టెంట్లున్నాయి డోరీన్. మూడేళ్లు ఓపిక పట్టమని వాటికి చెప్పు ముందు."

"నువ్వు పోయే ముందు నీ సీటు నా పేర రాసెయ్. నాది స్తంభం వెనకాల."

"ఇదిగో, పోయినేడు గోల్‌కీపర్ని అమ్మమన్నదీ నువ్వే. అమ్మారు. వాడక్కడికెళ్లి కప్పు కొట్టాడు."

"ఆ మాట ఎత్తకు. తద్దినం రోజు గుర్తుచేసినట్టు పొద్దున్నే ఎందుకది?" డోరీన్ కాఫీ తాగి కప్పు కింద పెట్టింది. "పైన ఉత్తరాన ఉన్న జట్టువాళ్లు నెస్బిట్‌ని అడుగుతున్నారట. కళ్లు మూసుకుని ఇచ్చెయ్యాలి. వాడు బెదిరిపోయాడు గోర్డ్! మొన్న మన గోలు ముందే బోర్లా పడ్డాడు. పక్ బిళ్ల తాపీగా వాడి పక్కనించి లోపలికి పోయింది."

"అక్టోబరుదాకా బానే ఆడాడే."

"ఆడాడు. తర్వాతే పిరికిమందు తాగాడు. నువ్వేవంటావు ఓరెస్ట్? నీ దగ్గరికొచ్చేది వాడొక్కడేగా."

"నేను పదును పెడతా. నాకు ఆట తెలీదు," అన్నాడు ఓరెస్ట్. నలభై ఏళ్లుగా ఆట చూస్తున్నవాడు ఆ మాట అంటే ఇద్దరూ నవ్వారు.

వాళ్లెళ్లాక నెట్టీ వచ్చింది. ఓరెస్ట్ భార్య, ఇల్లు కొట్టు వెనకాలే. ముందురోజు, జనవరి ఏడు, వాళ్ల పాత క్యాలెండరు లెక్కన క్రిస్మస్. మిగిలిన, అన్నం కూరిన క్యాబేజీ ఆకు చుట్టలు వేడి చేసి పళ్లెంలో తెచ్చింది. ఓరెస్ట్ అప్పుడే బ్రేడెన్ స్కేటు పదును పెట్టి సరిచూస్తున్నాడు. బ్లేడు అడుగు చదునుగా ఉండదు. మధ్యలో సన్నటి గాడి, దానికి అటూ ఇటూ రెండంచులు. రెండూ సమంగా ఉండాలి. బ్లేడు మీద అడ్డంగా చిన్న ఉక్కుపట్టీ పెడితే అది తక్కెడ దండెలా ఎటూ వాలకుండా నిలవాలి. పెట్టాడు. నిలిచింది.

"అదేంటి, అలా వాలిపోయింది?" అంది నెట్టీ.

"ఏది?"

"ఆ పట్టీ. ఎడమకి వాలింది చూడు."

"వెలుతురు అలా ఉంది. పళ్లెం అక్కడ పెట్టు."

నెట్టీ పళ్లెం పెట్టి వెళ్లిపోయింది. ఓరెస్ట్ ఎడంకన్ను మూసి చూశాడు. పట్టీ మసకమసగ్గా ఉంది, వంకర ఉందో లేదో తెలీలేదు. కుడికన్ను మూసి చూశాడు. ఉక్కుపట్టీ ఉందన్న జాడే లేదు, పాలు ఒలికినట్టు తెల్లగా ఉంది అంతే. వేలు పెట్టి తడిమాడు. వేలికి తెలిసింది. కుడి అంచు ఎత్తు, ఎడమ అంచు పల్లం. రెండో స్కేటూ అంతే. పళ్లెంలో చుట్టలు చల్లారిపోయాయి.

ఆ రోజంతా తేలు కుట్టిన దొంగలా తిరిగాడు. చెప్పేస్తే ఏమవుతుంది? ముసలాడికి కళ్లు పోయాయంటారు. ఉన్న ఒక్క ఆటగాడూ మిషను దగ్గరికి పోతాడు. ముప్పైఎనిమిదేళ్ల పేరు ఒక్క పూటలో మంచు కింద పడిపోతుంది. అయినా బ్లేడు వంకర వల్లే పడుతున్నాడని ఏముంది, డోరీన్ అన్నట్టు వాడు నిజంగానే బెదిరాడేమో. ఈ ఆఖరి ఆలోచన అతనికి ఎంత నచ్చిందంటే, నచ్చినందుకే సిగ్గేసింది.

తెల్లారి డోరీన్ రాగానే అడిగాడు. "నెస్బిట్ పడ్డవన్నీ రాశావా?"

"రాయకపోతే ఎలా? పద్నాలుగు."

"ఎటు తిరుగుతూ పడ్డాడు?"

డోరీన్ ఎర్ర పుస్తకం తిరగేసింది. "ఎడమకి. ఎడమకి. ఇదిగో, ఇదీ ఎడమకే. పద్నాలుగూ ఎడమకే! చెప్పలా? ఆ మూలంటే వాడికి భయం. ఎవడో గుద్దుంటాడక్కడ."

"మొదటిది ఎప్పుడు?"

"అక్టోబరు ఇరవైరెండు. ఎందుకు?"

ఓరెస్ట్ రాయి వైపు తిరిగాడు. అక్టోబరు ఇరవయ్యో తారీఖున అతను రాయి మార్చి, స్కేటుని రాయికి ఆనించి పట్టే చట్రం తన కంటితోనే సరిచేసి బిగించాడు. ఆడలేక మద్దెల ఓడు అంటారు. ఇక్కడ ఆడేవాడు మద్దెలని పల్లెత్తు మాటనలేదు, ఓడు మాత్రం మద్దెలే. పద్నాలుగు సార్లు పడి లేచి, ఆ కుర్రాడు మళ్లీ అదే స్కేట్లు తెచ్చి అతని బల్ల మీదే పెట్టాడు. 

"రస్ ఒప్పేసుకున్నాడట," అన్నాడు గోర్డ్ లోపలికొస్తూ. రస్ తీసెన్ జట్టు మేనేజరు. "రేపు నెస్బిట్ పోతాడు. బదులుగా ఇద్దరు కుర్రాళ్లని ఇస్తారట. పదిగంటల బస్సు దారి, పాపం."

పదో తారీఖు పొద్దున్న ఓరెస్ట్ కొట్టు తెరవలేదు. నెట్టీని పిలిచి రాయి పక్కన స్టూలేసి కూర్చోబెట్టాడు.

"మొన్న నువ్వన్నది నిజం. నాకు కనపడట్లేదు. నువ్వు చూడు, నేను తిప్పుతా."

నెట్టీ అతని మొహం వంక చూసింది. యాభై ఏళ్ల కాపురంలో ఓరెస్ట్ తప్పు ఒప్పుకోవడం ఆవిడ చూసింది రెండే సార్లు. ఎగతాళి చేద్దామని నోటిదాకా వచ్చినా మింగేసింది.

"పైకి," అంది. అతను చట్రానికున్న మర తిప్పాడు. "ఇంకొంచెం. అయ్యో, ఎక్కువైంది. కిందికి, వెంట్రుకవాసి. ఊఁ, ఆగు! అంతే."

రెండు బ్లేడ్లూ మళ్లీ పట్టాడు. పట్టీ పెట్టి నెట్టీ చూసింది, వేలు పెట్టి అతను చూశాడు. ఇద్దరూ ఒప్పుకున్నాక స్కేట్లు భుజాన వేసుకుని జట్టు ఆడే మంచుశాలకి నడిచాడు.

రస్ గదిలో రెండు ఫోన్లు, ఒకటి చెవి దగ్గర, ఒకటి బల్ల మీద మోగుతూ. "నాలుగు దాటాక రా ఓరెస్ట్, ఇవాళ తల గోక్కోవడానికి కూడా తీరిక లేదు."

"నాలుగు దాటితే లాభం లేదు. ఆ కుర్రాడు పడుతోంది నా వల్ల." నించునే అంతా చెప్పేశాడు. కంటి సంగతి, రాయి సంగతి, పద్నాలుగు సార్ల సంగతి. చెప్పడం అయ్యాక మూడు నెలల్నుంచి మెడ మీదున్న బస్తా ఎవరో దించినట్టయింది. మూడు నెలల్నుంచీ ఏదో సరిగ్గా లేదని వేలికి తెలుస్తూనే ఉందని, తనే వేలి మాట వినలేదని అతనికి అప్పుడర్థమైంది.

రస్ ఫోను కింద పెట్టాడు. "ఇది ముందే చెప్పొచ్చుగా!"

"చెప్పొచ్చు. సిగ్గేసింది."

రస్ మోగుతున్న రెండో ఫోను కూడా కట్టేశాడు. బ్రేడెన్‌ని పిలిపించాడు. వాడి సంచీ అప్పటికే సర్ది గుమ్మం దగ్గరుంది. ఓరెస్ట్ వాడికీ చెప్పాడు, ఇంకా సూటిగా. కుర్రాడు తల వంచుకుని విన్నాడు. స్కేట్లు తీసుకుని, బల్ల మీద కూర్చుని, లేసులు బిగించి మంచు మీదికి వెళ్లిపోయాడు. కోపం వచ్చింది, రాకేం చేస్తుంది అనుకున్నాడు ఓరెస్ట్.

మొదటి మలుపు ఎడమకి. కుర్రాడు జాగ్రత్తగా, ముసలివాళ్లు మెట్లు దిగినట్టు తిరిగాడు. పడలేదు. రెండోసారి కొంచెం వేగం. మూడోసారి ఒళ్లంతా మంచు వైపు వాల్చేసి, మోచెయ్యి నేలని రాసేటట్టు తిరిగాడు. అంచు కరకరా కోసుకుంటూ పోయింది. పడలేదు. ఆ తర్వాత ఇంక ఆపలేదు. ఎడమకి, ఎడమకి, ఎడమకి, గానుగెద్దులా అదే వలయంలో పది చుట్లు తిరిగాడు. ఓరెస్ట్‌కి ఏమీ సరిగ్గా కనపడలేదు గానీ ఆ చప్పుడు చాలు. పదును బాగున్న బ్లేడు చప్పుడు అతనికి తన పేరు కన్నా బాగా తెలుసు.

రస్ జేబులో ఫోను మోగింది. "లేదు," అన్నాడు అందులోకి. "నెస్బిట్‌ని ఇవ్వం. మనసు మారింది. అవును, నాకు పిచ్చే." పెట్టేశాడు. ఓరెస్ట్ మంచు చుట్టూ ఉన్న చెక్కగోడకి చేతులానించి ఆ చప్పుడు వింటూ నిలబడ్డాడు. ప్రాణం ఎంత తేలిగ్గా ఉందో!

మర్నాడు కొట్లో తనే అంతా చెప్పాడు. నిజం ఎంత దాచినా మా ఊళ్లో సాయంత్రానికి ఎలాగూ తెలిసిపోతుంది. గోర్డ్ నోరు తెరుచుకుని విన్నాడు. డోరీన్ ఎర్ర పుస్తకం మూసేసింది.

"అయితే అమ్మాల్సింది నిన్నన్నమాట," అంది చివరికి.

"ఈయనకి బదులేమొస్తుంది?" అన్నాడు గోర్డ్. "డెబ్బైమూడేళ్లు, ఒంటికన్ను."

"రెండు పాత పక్‌లు. చిరిగిన వల ఒకటి."

"వల ఇవ్వరు. నెట్టీని కలిపితే ఇస్తారు."

"నెట్టీని ఇచ్చేది లేదు!" అంది డోరీన్. "పదహారేళ్ల కుర్రాళ్లు పదిమందిని ఇచ్చినా ఇచ్చేది లేదు. ఈయన్ని ఊరికే ఇస్తామన్నా ఎవరూ తీసుకోరు. ఇంకేం చేస్తాం, ఉంచుకుందాం."

ఓరెస్ట్ నవ్వాడు. తిడతారనుకున్నాడు, వెళ్లిపోతారనుకున్నాడు. ఇలా ఆటగాణ్ణి బేరమాడినట్టు తనని బేరమాడతారనుకోలేదు. లోపల నెట్టీ ఫోనులో కళ్ల డాక్టరుతో ఫిబ్రవరి మొదట్లోనే శుక్లం తీసెయ్యాలని గట్టిగా పోట్లాడుతోంది.

తలుపు తోసుకుని బ్రేడెన్ వచ్చాడు. వాడు స్కేట్లు బల్ల మీద పెట్టాడు.

"నా కన్ను బాగయ్యేదాకా మిషను దగ్గరికి పో బాబూ," అన్నాడు ఓరెస్ట్.

"నెట్టీ ఆంటీ చూస్తారటగా. రస్ చెప్పాడు."

డోరీన్ లేచి నిలబడింది. బస్సు నడిపేటప్పుడు అరవై మంది పిల్లల్ని కంటిచూపుతో కూర్చోబెట్టే మనిషి, చేతులెక్కడ పెట్టుకోవాలో తెలీక కోటు జేబుల్లో దూర్చుకుంది.

"నెస్బిట్, నేను నిన్ను పిరికివాడన్నాను. రెండు నెలలు. గట్టిగా, అందరి ముందూ."

"నాకు తెలుసండీ. మీ గొంతు మంచు మీదికి బాగా వినిపిస్తుంది."

"తప్పయిపోయింది."

"ఫర్వాలేదండీ," అన్నాడు బ్రేడెన్. "నాకు నేనూ అదే చెప్పుకున్నాను, రోజూ." ఓరెస్ట్ వైపు తిరిగాడు. "సీజను అయిపోగానే ఆట మానేసి ఇంటికొచ్చేస్తానని నవంబర్లోనే అమ్మకి చెప్పేశా గీడో. నిన్న ఫోన్ చేసి చెప్పా, లోపం నాలో కాదంట అని. ఇద్దరం ఏడ్చాం."

ఓరెస్ట్ బల్ల దాటి వచ్చి వాణ్ణి గట్టిగా కావిలించుకున్నాడు. వాడు కూడా వదల్లేదు. గోర్డ్ అవతలికి తిరిగి ముక్కు చీదాడు. డోరీన్ అందరికీ కాఫీ పోసి, వాడి కప్పులో మాత్రం రెండు చెంచాల పంచదార ఎక్కువ వేసింది.