బానెట్ లోపల మేస్త్రీ చేతిరాత

హిందూపురం జీపు మెకానిక్ నరసింహప్ప మేస్త్రీ పెనుకొండ కొండదారిలో దుర్మరణం పాలయ్యారన్న వార్త విన్నప్పుడు నా చేతిలో స్పానర్ జారిపోయింది. పద్దెనిమిదేళ్ళు ఆయన శిష్యుణ్ణి. శోకం కన్నా ముందు కోపమే వచ్చింది. అది నేటికీ చల్లారలేదు.

పాత జీపు షెడ్డుకొస్తే ఆయన ముందు ఇంజన్ చూసేవారు కాదు. కింద పడుకుని ఛాసిస్‌ను సుత్తితో తట్టి, తుప్పు తిన్నచోట శబ్దం మారడం వినేవారు. "కొత్త రంగు జూసి మోసపోవద్దురా, దాని కింద ఏముండాదో సుత్తినడుగు" అనేవారు. స్టీరింగ్ వదులు, బ్రేకు ఆయిలు కారడం, ఫోర్‌వీల్ గేరు బిగుసుకుపోవడం, దేన్నీ ఉపేక్షించని కర్మయోగి ఆయన.

కనిపెట్టిన లోపాలను డాష్‌బోర్డు మీద సుద్దముక్కతో రాసి, యజమాని చేత గట్టిగా చదివించాకే తాళం ఇచ్చేవారు. అవే మాటలు బానెట్ లోపలివైపు తెల్ల పెయింటుతోనూ రాసేవారు. ఎందుకని అడిగితే "సుద్ద తుడిచేటోడు ఉంటాడప్పా" అని నవ్వేవారు.

అలాంటివాడు ధర్మవరంలో ఉన్నాడు. పేరు రాయను, చదివితే వాడికే తెలుస్తుంది. తన జీపులో మేస్త్రీ రాసిన సుద్దరాత తుడిచేసి, మరమ్మతు మానేసి, దానికి ఎర్రరంగు కొట్టించుకున్నాడు. పెనుకొండ ఎగువన అది ఆగిపోతే మళ్ళీ మేస్త్రీకే ఫోను చేశాడు. నేను షెడ్డులో ఉండిపోయాను, ఆయన ఒక్కరే వెళ్ళారు.

"హ్యాండ్‌బ్రేకు చేపిచ్చినావా?" అని మేస్త్రీ అడగడం పక్కనున్న లారీ డ్రైవరు విన్నాడు.

"ఎప్పుడో చేపిచ్చినా, నువ్వు దూరు మేస్త్రీ" అన్నాడట ఆ దుర్మార్గుడు. జీవితమంతటిలో మేస్త్రీ సుత్తితో తట్టకుండా నమ్మింది ఆ ఒక్క మాటనే. ఆయన కిందికి దూరాక జీపు వెనక్కి దొర్లింది.

దినకర్మ నాడు వాడు షెడ్డుకొచ్చి, అందరి ముందూ "ఆయప్ప నాకేమీ చెప్పలేదు. ముసలాయన, ఏమరపాటు" అన్నాడు. మేస్త్రీ భార్య గంగమ్మక్క తల వంచుకుంది. ఒళ్ళు మండిపోయింది నాకు. కొండదారి నుంచి లాక్కొచ్చిన ఆ జీపు అక్కడే ఉంది. వాణ్ణి చెయ్యిపట్టి తీసుకెళ్ళి, బానెట్ ఎత్తాను.

"చదువప్పా" అన్నాను.

లోలోపల గొణిగాడు. "గట్టిగా" అన్నాను.

"హ్యాండ్‌బ్రేకు పట్టదు. బండి కింద ఎవరినీ దూరనీయొద్దు."

గంగమ్మక్క తలెత్తింది. "ఇంగోసారి చదువు" అంది.

గురువర్యా, లోహం మాట వినే మీ చెవి ఈ సీమకు మళ్ళీ దొరకదు. మీ రాత ఉన్న ఆ బానెట్ ఊడదీసి షెడ్డు ముందు, రోడ్డుకు ఎదురుగా వేలాడదీశాను. దాన్ని తిరిగి ఇమ్మని అడగడానికి వాడు రెండుసార్లు మనుషుల్ని పంపాడు. వాడే రావాలి, వచ్చి మళ్ళీ చదవాలి.