మామ్మ వేలు

కుట్టుమిషన్ అక్క అవతలి పార్టీవాళ్ళతో కుమ్మక్కై, చూపులేని మామ్మ ఓటు వాళ్ళకి వేయించిందని వీధంతా గుప్పుమంది. ప్రతి ఎన్నికలకీ అక్క మిషన్ మీద గుడ్డ కప్పి, మెడలో టేపు తియ్యడం కూడా మరచిపోయి, పోలింగు బూత్‌లో ఊరికే సాయానికి వెళ్తుంది. నడవలేనివాళ్ళను చక్రాల కుర్చీలో తెస్తుంది. దుప్పటి అంచు చక్రంలో పడకుండా ఒళ్ళోకి మడుస్తుంది. ఒంటరి మనిషి. ఆమెను టీకి పిలిచే గడప ఒక్కటే, పక్కింటి వదినది. ఈసారి ఆ వదిన తమ్ముడే పోటీకి నిలబడ్డాడు.

"మామ్మకి తోడు వెళ్ళేది నువ్వేగా! ఆ వేలు కాస్త మావాడి గుర్తు మీద పెట్టెయ్, అక్కా. ఎవడు చూడొచ్చాడు?" అంది వదిన.

"అమ్మో, నావల్ల కాదు. మామ్మ ఎవరికంటే వాళ్ళకే."

"అబ్బో, చెప్పొచ్చావులే!"

బూత్‌లో అక్క గుర్తులన్నీ పైనుంచి కిందికి మామ్మ చెవిలో చెప్పింది. ఆమె కోరినదాని మీదే వేలు ఆనించింది. ఆ సంగతి బయటపెట్టనని ముందే అధికారికి మాటిచ్చింది. తమ్ముడు ఓడిపోయాడు. ఎవరైనా అడిగితే "నా ఓటు నా ఇష్టం" అని మామ్మ కసురుతుంది. అక్క పెదవి విప్పదు. పక్కింటి తలుపు మళ్ళీ తెరుచుకోలేదు. ఆమె మిషన్ ముందే కూర్చుని ఒక్కతే టీ తాగుతుంది. ఆ రోజు మామ్మ నొక్కింది వదిన తమ్ముడి గుర్తే.