అల్లుడి ముందు చెప్పిన అబద్ధం

డాక్టరు ఆ ప్రశ్న అడిగినప్పుడు నా పక్కన అల్లుడున్నాడు. తప్పు డాక్టరుది కాదు, అల్లుడిదీ కాదు. మా నేతపనివాళ్ళ ఇళ్ళలో డాక్టరు గదిలోకి మగవాళ్ళే పోతారు. ఆడవాళ్ళు క్యారియరు పట్టుకుని వరండాలో నిలబడతారు. ఎవరు పెట్టిన పద్ధతో ఎవరూ అడగరు. అల్లుడి కాపురం కర్నూలు పక్కనే ఉన్న కల్లూరులో. కర్నూలు పెద్దాసుపత్రిలో ఏ గది ఎక్కడుందో తెలిసినవాడు కాబట్టి నాతో లోపలికి వచ్చాడు.

నాకప్పుడు యాభై ఆరేళ్ళు. ప్రొస్టేటు గ్రంథిలో క్యాన్సరు. తెల్లకార్డు మీద పెద్ద ఆపరేషన్లు ఉచితంగా చేయడం అప్పుడప్పుడే మొదలైంది. పరీక్షల కోసం బద్వేలు నుంచి మూడుసార్లు బస్సులో తిరిగాక, నాలుగోసారి మంచమిచ్చారు.

డాక్టరు కాగితం మీద ఒక గుండ్రం గీసి, అటొక గీత, ఇటొక గీత పెట్టాడు.

"ఇది గ్రంథి. తీసేస్తాం. ఈ పక్కల ఉన్నవి నరాలు. ఇవి పోతే భార్యాభర్తల సుఖం పోతుంది. గడ్డ చిన్నదే, నరాలను విడదీసి కాపాడేదానికి చూడొచ్చు. గడ్డ వాటి దాకా పాకిందని అనుమానమొస్తే మాత్రం తీసేయక తప్పదు. ఏమంటారు?"

అల్లుడు తలెత్తి ఫ్యానును చూడడం మొదలుపెట్టాడు. కరెంటు లేదు, ఫ్యాను తిరగడం లేదు. అయినా శ్రద్ధగా చూస్తూనే ఉన్నాడు.

"ఈ వయసులో అవన్నీ ఎందుకు సార్? మొత్తం తీసేయండి," అన్నాను.

పెద్దమనిషిలా మాట్లాడానని కూడా అనిపించింది. డాక్టరు చీటీ మీద అదే రాసుకున్నాడు.

వార్డులోకి వచ్చి పడుకున్నాక భయమేసింది. చావు భయం కాదు, అది మొదటి వారంలోనే తీరిపోయింది. మిగిలిన ఏళ్ళన్నీ నా భార్య పక్కన మూటలా పడుకోవాలి కదా అని భయం. ఆమె అన్నం కలుపుతూ ఏమైందని అడిగితే జరిగింది చెప్పేశాను.

"ఎవురి ముందర చెప్పినావు ఆ మాట?" అంది.

"అల్లుడి ముందర."

"అట్లనా," అని చేయి కడుక్కుంది.

వీధిలో మగవాళ్ళెదురైతే కొంగు సర్దుకుని పక్కకు తప్పుకునే మనిషి ఆమె. నేరుగా డాక్టరు గది తలుపు తోసుకుని లోపలికి పోయింది. నేను వెనకే పరుగెత్తి, గడప దగ్గర ఆగిపోయాను.

"సార్, మా ఆయన పొద్దున చెప్పింది అబద్ధం. అల్లుడు ఉండాడని సిగ్గుపడినాడు. ఆ నరాలు కాపాడండి."

"ఆయనకు కావాలనే ఉందా అమ్మా?"

"ఆయన సంగతి నాకు తెలీదు సార్. నాకు కావల్ల."

గదిలో ఇద్దరు నర్సులున్నారు. ఎవరూ నవ్వలేదు. డాక్టరు నన్ను లోపలికి పిలిచి, "నీ మాట?" అన్నాడు. తలూపాను. పొద్దున రాసింది కొట్టేసి మళ్ళీ రాశాడు.

ముప్పై రెండేళ్ళ సంసారంలో ఆమె నోట ఆ మాట వినడం నాకదే మొదటిసారి. నూలు గురించి, రంగుల గురించి రోజూ మాట్లాడుకున్నాం. దీని గురించి ఒక్కనాడూ మాట్లాడుకోలేదు. సిగ్గేసింది. ఆ సిగ్గులోనే శానా సంతోషమూ ఉంది.

ఆపరేషన్లో ఒక పక్క నరం దక్కింది. రెండోది తీసేయాల్సి వచ్చింది. "ఏడాది పట్టొచ్చు. ఏడాదైనా రాకపోవచ్చు," అన్నాడు డాక్టరు. ఆ ఏడాదంతా మేం దాని ఊసెత్తలేదు. నేను మగ్గం గుంటలో కూర్చోకూడని నెలల్లో ఆమే నేసింది. ఒకే మంచం మీద పడుకున్నాం. ఆమె చేయి నా మీద వేస్తే నేను నిద్రపోయినట్టు నటించేవాణ్ణి.

పదమూడో నెలలో, వానపడి మగ్గం ఆపిన ఒక మధ్యాహ్నం, నటించలేదు. ఇక రాదనుకున్నది తిరిగొచ్చింది. ఆ తర్వాత నాకు ఏడుపు ఆగలేదు.

"ఏమయ్యా, ఏడుస్తాండావా?" అంది. నా మొహం కొంగుతో తుడిచి, తనూ కళ్ళు తుడుచుకుంది. "ఏడుద్దువులే గానీ, తలుపు గడియ పెట్టినామో లేదో చూసి రాపో."

లేచి వెళ్ళి, గడియ పెట్టి వచ్చాను.