వీపు తిరగని సీట్లు

డెబ్బైల చివర్లో నేను ఫిలడెల్ఫియాలో ఒక ఆసుపత్రి ల్యాబులో ఉద్యోగంలో చేరాను. ఇల్లు శివార్లలో. రోజూ పొద్దున్నే లోకల్ రైల్లో ఊళ్లోకి వెళ్లేదాన్ని. మావారు ప్రయాణికుల రైలు పెట్టెలు తయారుచేసే కంపెనీలో డిజైన్ ఇంజనీరు. ఆయన మాత్రం ఫ్యాక్టరీకి కారులోనే వెళ్లేవారు.

మా లైనులో తిరిగే పెట్టెలు ముసలివి. చలికాలంలో హీటరు పక్కన కూర్చుంటే కాళ్లు మాడేవి, తలుపు పక్కన కూర్చుంటే గడ్డకట్టేవి. కానీ ఆ సీట్లకి మనం ఆనుకునే వీపులు తిరిగేవి. పైఅంచు పట్టుకుని లాగితే వీపు ఇటునుంచి అటు వాలేది. అలా ఎక్కడ కావాలంటే అక్కడ నలుగురు ఎదురెదురుగా కూర్చోవచ్చు.

అలా కూర్చునే ముగ్గురు ఆడవాళ్లు ఒకరోజు నన్ను పిలిచి నాలుగో సీటులో కూర్చోబెట్టుకున్నారు. ఒకామె బ్యాంకులో, ఒకామె కోర్టులో పనిచేసేవారు. మూడో ఆవిడ పెద్దది, చెప్పుల షాపులో ఉద్యోగం. ఒళ్లో అట్టపెట్టె మూత పెట్టుకుని పేకాడుకునేవాళ్లం. నా ఇంగ్లీషుకి తడబాటు పోయింది అక్కడే. విజయవాడలో నాన్న పోయారని తెలిసి, వెళ్లలేక పనికి బయల్దేరిన రోజున ఆ పెద్దావిడ ఊరొచ్చేదాకా నా చెయ్యి పట్టుకునే కూర్చుంది.

ఎనభైల మొదట్లో మా లైనుకి కొత్త పెట్టెల ఆర్డరు మావారి కంపెనీకే వచ్చింది. సీట్ల పని ఆయనది. డైనింగ్ టేబుల్ మీద డ్రాయింగ్ పరిచి ఉత్సాహంగా చూపించారు. సగం సీట్లు ఇటు, సగం అటు, అన్నీ నేలకి బిగించినవే. పెట్టె మధ్యలో, నడవాకి అటొకటి ఇటొకటి, రెండు చోట్ల మాత్రమే ఎదురెదురు సీట్లు.

"వీపులు తిరగవా?" అన్నాను.

"తిరిగేవాటికి జాయింట్లు ఊరికే పాడవుతాయి. మెయింటెనెన్స్ వాళ్లు వద్దన్నారు. ఇవి లైట్ వెయిట్ కూడాను."

"మరి మేం నలుగురం ఎలా కూర్చుంటామండీ?"

ఆయన నవ్వారు. "నీ పేకాట కోసం ట్రైన్ డిజైన్ చేయమంటావా?"

కొత్త పెట్టెలొచ్చాయి. ఏసీ చల్లగా ఉండేది, కుదుపులు లేవు, అందరూ మెచ్చుకున్నారు. వాళ్లు ముగ్గురూ లైను మొదట్లో ఎక్కి మధ్య సీట్లు పట్టుకునేవారు. నేను ఎక్కేది చాలా స్టేషన్ల తర్వాత. పాత పెట్టెల్లో అయితే నేనెక్కాక ఖాళీ ఉన్నచోటికి మారి వీపు తిప్పుకునేవాళ్లం. కొన్నాళ్లు నాకోసం బ్యాగు పెట్టి సీటు ఆపారు. నిలబడ్డవాళ్లు గొణిగారు, కండక్టరు బ్యాగు తీయించాడు. తర్వాత వాళ్ల స్టేషన్లోనే ఎక్కే ఒకామె ఆ సీటులో కూర్చోవడం మొదలుపెట్టింది. ఆమెకీ పేకాట వచ్చు.

నన్ను చూసి ముగ్గురూ చెయ్యి ఊపేవారు. నేనూ ఊపి, ఎక్కడో ఎవరి తలో చూస్తూ కూర్చునేదాన్ని. ఒకసారి కోర్టామె నవ్వుతూనే, "ఈ సీట్లు చేసింది మీ ఆయనేగా, కొంచెం చెప్పకపోయావా?" అంది. చెప్పానని అనలేకపోయాను.

ఒకరోజు ఊరు రాగానే దిగడానికి తలుపువైపు నడుస్తుంటే, వాళ్ల ఒళ్లలో కేకు పళ్లేలు కనిపించాయి. పెద్దావిడకి ఉద్యోగంలో అదే ఆఖరి రోజు. నాకెవరూ చెప్పలేదు. బ్యాంకామె గబగబా ఒక కేకు ముక్కని కాగితం న్యాప్‌కిన్‌లో చుట్టి నా చేతిలో పెట్టింది. పెద్దావిడ లేవబోయింది, ఈలోపు వెనక జనం నన్ను ముందుకి తోసేశారు. కేకు ల్యాబు చెత్తబుట్టలో వేశాను.

ఆ సాయంత్రం మావారికి చెప్పాను. ఆయన విన్నారు.

"అది డిజైన్ ప్రాబ్లమ్ కాదు. నువ్వు ఎక్కే స్టేషన్ అలాంటిది," అన్నారు.

ఆ వేసవిలో డ్రైవింగ్ నేర్చుకుని కారులో వెళ్లడం మొదలుపెట్టాను. పెద్దావిడ ఇంటి అడ్రసు నేనెప్పుడూ అడగలేదు. మాకు రైలే సరిపోయింది అప్పట్లో.

కొన్నేళ్లకి మావారి ఫ్యాక్టరీ మూతపడింది. ఆయన సామాను అట్టపెట్టెలో తెచ్చుకుని వరండాలో కూర్చున్న రోజున కాఫీ ఇచ్చాను, ఇష్టమైన కూర వండాను. ఉద్యోగం పోయినందుకు ఆయన మీద జాలి పడ్డాను. ఆ ఫ్యాక్టరీ పోయినందుకు మాత్రం నాకు ఏ బాధా కలగలేదు. ఆయనకది తెలుసు. మేమెప్పుడూ ఆ మాట ఎత్తలేదు.