పళ్ళ డాక్టరుగారి చావులు

పళ్ళ డాక్టరుగారికి ఒకే ఒక్క బలహీనత. స్టేజీ ఎక్కితే చచ్చిపోతారు. భయంతోనో, సిగ్గుతోనో కాదు. నిజంగానే, వేషంతో సహా, నలుగురి ముందూ తీరిగ్గా ప్రాణం వదిలేస్తారు. ఆయనకిచ్చింది ఇంటి యజమాని వేషమైనా, ఉత్తరం ఇచ్చి వెళ్ళిపోయే పోస్టుమాన్ వేషమైనా ఒకటే. రాసినవాళ్ళు కలలో కూడా అనుకోని చోట గుండె పట్టుకుంటారు. ఒకడుగు వెనక్కి వేస్తారు, రెండడుగులు ముందుకి తూలుతారు, ఒక చెయ్యి గాల్లోకి లేపుతారు. ఆ పైన దగ్గర్లో ఎవరుంటే వాళ్ళ మీద వాలిపోతారు.

పోస్టుమాన్ వేషం వేసినప్పుడు గుమ్మంలోనే పోయారు. ఆ ఉత్తరం అందుకుని సంతోషించవలసిన కుటుంబం శవాన్ని అటూ ఇటూ దాటుకుంటూ సంతోషించింది. కోర్టు నాటకంలో జడ్జిగా వేశారు. నిర్దోషిగా విడుదల కావలసిన ముద్దాయి ఒళ్ళోనే జడ్జిగారు కన్నుమూశారు. చూసినవాళ్ళలో సగంమంది వాడే చంపాడని ఇప్పటికీ నమ్ముతారు. ముద్దాయి వేషం వేసిన ఎలక్ట్రీషియన్‌ని ఆ తర్వాత కొన్నాళ్ళు ఎవరూ ఫ్యాను బిగించడానికి పిలవలేదు.

నాటకాల బృందంలో ఆయనకి పోయినాయన అని పేరు పడిపోయింది. పోయినాయన ఇంకా రాలేదేం, పోయినాయనకి టీలో పంచదార తక్కువ వెయ్యండి అని మామూలుగా అనుకుంటూంటే కొత్తగా చేరినవాళ్ళు గుడ్లప్పగించి చూసేవారు. ఆయన భార్య ప్రతి నాటకానికీ వచ్చి ముందు వరసలో కూర్చునేది. ఆయన గుండె పట్టుకోగానే చేతిసంచీ సర్దుకుని చెప్పుల్లో కాళ్ళు పెట్టుకునేది, ఇంక ఇంటికెళ్ళే వేళయిందని. నాటకమైన మర్నాడు ఆసుపత్రికి ఫోన్లు వచ్చేవి. డాక్టరుగారు ఇవాళ పన్ను తీస్తారా, లేకపోతే వేరేచోట చూసుకోవాలా అని కొందరు సందేహంగా అడిగేవారు.

ఆసుపత్రిలో ఆయన సాధన వేరే రకం. పేషెంటు నోరు తెరిపించి, బుగ్గలో దూది కుక్కి, ఇక మాట్లాడలేడని ఖాయం చేసుకున్నాక రాబోయే నాటకం మొదలెట్టేవారు. తన వేషం ఒక్కటే కాదు. అత్తగారి గొంతు, కోడలి గొంతు, ఆఖరికి తలుపు కిర్రుమన్న చప్పుడు కూడా ఆయనే. ఒక పెద్దమనిషి ఒక్క పన్ను కోసం వచ్చి, రెండో అంకం దాకా విని, తర్వాత ఏమవుతుందో తెలుసుకోవాలని వారం తిరక్కుండానే బాగున్న పన్ను చూపించుకోవడానికి వచ్చాడు.

ఇదంతా భరించి భరించి విసిగిపోయిన మనిషి, బృందం చేత నాటకాలు ఆడించే బ్రేకు మేడం. ఆవిడ డ్రైవింగ్ స్కూల్లో కారు నడపడం నేర్పుతుంది. నేర్చుకునేవాళ్ళ పక్క సీట్లో కూర్చుని, తన కాలికింద ఉన్న రెండో బ్రేకుతో ఊరి జనాభాని కాపాడుకొస్తున్న మనిషి. అలవాటు ఎక్కడికి పోతుంది? రిహార్సల్లో కుర్చీలో కూర్చున్నా, ఎవరైనా దారి తప్పుతున్నారనిపిస్తే ఆవిడ కుడికాలు నేలని గట్టిగా నొక్కేది. ఆ చప్పుడు వినగానే నటులు ఎక్కడివాళ్ళక్కడ ఆగిపోయేవారు. ఆగనిది డాక్టరుగారొక్కరే.

కారులో కూర్చుని, శిష్యులు వెనక్కి పార్కు చెయ్యడానికి తంటాలు పడుతున్న సమయాల్లో, మేడం ఒక హాస్యనాటకం రాసింది. అది ఆవిడ మొదటి నాటకం. పేరు 'తాళం లోపలే ఉంది'. ఒక ఇంటిల్లిపాదీ తమ గుమ్మం బయటే ఇరుక్కుపోతారు. తాళం చెవి కనిపించదు. తాళాలు తీసేవాణ్ణి పిలుస్తారు. వాడు తంటాలు పడుతున్నంతసేపూ మెట్ల మీద కూర్చుని ఒకళ్ళ గుట్టు ఒకళ్ళు బయటపెట్టుకుంటారు. ఆవిడ చదివి వినిపిస్తూంటే బృందమంతా పొట్టలు పట్టుకుని నవ్వింది. అందరికంటే ఎక్కువ నవ్విన డాక్టరుగారు కళ్ళు తుడుచుకుని, తాళాలవాడి వేషం తనదేనని తెలుసుకుని, మర్యాదగా అడిగారు.

"చాలా బాగుంది మేడం. మరి నేనెక్కడ పోతాను?"

"మీరెక్కడికీ పోరు."

"తాళం తియ్యలేక, అవమానం భరించలేక..."

"తియ్యగలరు."

"తీశాక ఆనందం పట్టలేక..."

"పట్టగలరు. డాక్టర్ గారూ, ఇది నవ్వుకోవడానికి రాసిన నాటకం. ఇందులో ఒక్క ప్రాణం పోకూడదు. అందరి ముందూ చెప్తున్నాను, ఈసారి పోయారంటే మిమ్మల్ని మళ్ళీ స్టేజీ ఎక్కనివ్వను."

నవ్వుతున్నవాళ్ళంతా నవ్వాపేశారు. డాక్టరుగారు కాసేపు తన చేతులు చూసుకున్నారు. మేడానికి మనసులో చివుక్కుమంది. ఆయన భార్య ఒకసారి అన్నమాట గుర్తొచ్చింది. రోజంతా ఆయన ముందు కూర్చునేవాళ్ళు 'ఆ' తప్ప ఇంకో మాట అనరు, శనివారం ఈ హాల్లోకొస్తేగాని ఆయనకి మనుషుల మాట వినపడదు అని. అయినా అన్నమాట వెనక్కి తీసుకోలేదు. ఇన్నాళ్ళు రాసుకున్న నాటకం శవయాత్రగా ముగియడం ఆవిడకి ఇష్టం లేదు.

"అలాగే మేడం. బతికే ఉంటాను," అన్నారు డాక్టరుగారు, ఆస్తి రాసిచ్చేసినవాడిలా.

పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతోగాని పోదంటారు. పుడకల దాకా అన్నిసార్లు వెళ్ళొచ్చినా పోని బుద్ధి, ఒట్టేస్తే పోతుందా? రిహార్సల్లో ఎవరైనా మాటకి తడుముకుంటే చాలు, ఆయన చెయ్యి గుండె మీదికి లేచేది. మేడం కాలు నేలమీద పడేది. లేచిన చెయ్యి కంగారుగా చొక్కా గుండీ సర్దుకుని కిందికి దిగేది. నాటకం దగ్గరపడేసరికి ఆయన చొక్కాకి పై గుండీలు రెండూ ఊడిపోయాయి గానీ మనిషి మాత్రం క్షేమంగానే ఉన్నారు.

తీరా నాటకం రోజు పొద్దున్నే ఇంకో ఉపద్రవం వచ్చిపడింది. ఇల్లాలి వేషం వెయ్యవలసిన లైబ్రరీ అక్కయ్యకి గొంతు పూర్తిగా పోయింది. లైబ్రరీలో ఇన్నేళ్ళు అందర్నీ మాట్లాడొద్దన్నందుకు తగిన శాస్తి జరిగిందని ఎలక్ట్రీషియన్ అన్నాడు. ఆవిడ జవాబు చెప్పాలని నోరు తెరిస్తే గాలి వచ్చింది. ఇల్లాలి వేషం ఎవరు వేస్తారన్న ప్రశ్నకి బ్రేకు మేడం నవ్వేసింది. రాసింది నేను, నాకు రాదా అని అక్కయ్య చీర తను కట్టుకుంది.

హాలు నిండింది. మొదటి అంకంలోనే జనం నవ్వడం మొదలెట్టి రెండో అంకంలో కుర్చీలు చప్పుడయ్యేలా నవ్వారు. భర్త వేషంలో ఎలక్ట్రీషియన్ అదరగొట్టాడు. తాళాలవాడు వచ్చాడు, మేకులూ తీగలూ పెట్టి తాళాన్ని పళ్ళు పరీక్ష చేసినట్టు పరీక్ష చేశాడు, ఆరోగ్యంగానే ఉన్నాడు. మేడానికి గాల్లో తేలుతున్నట్టుంది. జన్మలో ఇంత సంతోషం ఎరగనని అనిపించింది.

మూడో అంకంలో అందరూ అలిసిపోయి మెట్ల మీద కూలబడ్డాక ఇల్లాలు లేచి నిలబడి ఒక మాట చెప్పాలి. అసలు నాటకమంతా ఆ మాట కోసమే రాసింది. మేడం లేచింది. నిలబడింది. నోరు తెరిచింది. లోపల ఏమీ లేదు. మొదటి అక్షరం కూడా లేదు. తను రాసిన మాట, తన చేత్తో పదిసార్లు కొట్టేసి దిద్దుకున్న మాట, ఎవరో పరాయివాళ్ళ సామానులా ఎక్కడికో వెళ్ళిపోయింది. అలవాటు కొద్దీ కుడికాలు నేలని నొక్కింది. ఆగిపోయిన బండికి బ్రేకు వేస్తే ఏం లాభం?

"ఏదో చెప్పబోయావు?" అన్నాడు ఎలక్ట్రీషియన్, సొంత తెలివితో.

"చెప్పబోయాను," అంది మేడం. అంతవరకే వచ్చింది.

డాక్టరుగారు తన తాళాలగుత్తి కింద పడేశారు. అమ్మగారు తాళం సంగతేదో అంటున్నట్టున్నారే అని ఒకసారి అందించారు. మేడం తలూపింది. ఇంకోసారి అందించారు. మేడం మళ్ళీ తలూపింది. హాల్లో ఎవరో దగ్గారు. ఇంకొకళ్ళు దగ్గారు. వెనక వరసలో ఒక కుర్చీ కదిలింది. డాక్టరుగారు మేడం ముఖంలోకి చూశారు. తర్వాత ముందు వరస వైపు చూశారు. ఆయన భార్య అప్పటికే చేతిసంచీ అందుకుంటోంది.

ఆయన నిట్టూర్చి, గుండీలు లేని చొక్కా మీద చెయ్యి వేసుకున్నారు.

హాలంతా ఒక్కసారి గొల్లున నవ్వింది. సాయంత్రం నుంచీ ఈయన ఇంకా పోలేదేమని ఎదురుచూస్తున్న జనం అది. ఒకడుగు వెనక్కి, రెండడుగులు ముందుకి, చెయ్యి గాల్లోకి. తిన్నగా వచ్చి మేడం మీద వాలారు. బరువుకి ఆవిడ మెట్టు మీద కూలబడింది. ఆయన తల ఆవిడ భుజమ్మీద పడింది. నా నాటకం నాశనమైంది, ఇచ్చిన మాట గంగలో కలిపాడు ఈ మనిషి అని ఆవిడ ఒళ్ళు మండిపోయింది. అంతలో చెవి దగ్గర, పేషెంటుని నోరు పుక్కిలించమన్నంత నెమ్మదిగా, ఒక గొంతు వినిపించింది.

"'తాళం చెవి పొద్దుటినుంచీ నా దగ్గరే ఉంది.' అక్కణ్ణించి అందుకోండి. కంగారు లేదు, నేను నెమ్మదిగా పోతాను."

చెప్పినట్టే నెమ్మదిగా పోయారు. కాళ్ళు ఒకదాని తర్వాత ఒకటి కొట్టుకున్నాయి. జనం నవ్వు తగ్గేసరికి మేడానికి మాటలన్నీ వరసగా వచ్చి నిలబడ్డాయి.

"తాళం చెవి పొద్దుటినుంచీ నా దగ్గరే ఉంది. తలుపు తీస్తే లోపలికెళ్ళి ఎవరి గదిలో వాళ్ళు దూరతారు. మీరందరూ ఒకేచోట కూర్చుని ఎన్నాళ్ళయిందో చూడాలనిపించింది."

హాలు చప్పట్లతో మోగిపోయింది. ఒక్క చిక్కు మిగిలింది. నాటకంలో ఆఖరి మాట తాళాలవాడిది. తాళాలవాడు మేడం ఒళ్ళో చచ్చిపోయి ఉన్నాడు. ఈసారి మేడం తడుముకోలేదు.

"ఏమయ్యా, తాళం తియ్యడానికి వచ్చినవాడివి, తీసి పో."

శవం లేచింది. తలుపు తోసి చూసి, అమ్మా, దీనికి అసలు తాళమే వెయ్యలేదమ్మా అని తన ఆఖరి మాట చెప్పి, మళ్ళీ వచ్చి అదే చోట పడుకుంది. చచ్చినవాడు తెర పడేదాకా చచ్చినట్టే ఉండాలన్నది డాక్టరుగారి నియమం. తెర పడింది గానీ నవ్వులు ఆగలేదు.

లోపలి గదిలోకి మేడం వచ్చేసరికి డాక్టరుగారు వేషం విప్పి మడత పెట్టేశారు. మాట తప్పాను మేడం, ఇక రాను అన్నారు. అలిగి కాదు, మేడం పెట్టిన షరతు ప్రకారమే. మేడం నోరు తెరిచేలోపల, ఆవిడ తిట్టబోతోందనుకుని ఎలక్ట్రీషియన్ అడ్డంగా వచ్చి నిలబడ్డాడు.

"ఆయన్ని ఏమనకండి మేడం. ఆ కోర్టు నాటకంలో నేను మాట మర్చిపోయాను. నా ఒళ్ళో పడి నాకు అందించింది ఆయనే. సిగ్గేసి ఎవరికీ చెప్పలేదు."

"ఇప్పుడెందుకయ్యా అవన్నీ," అన్నారు డాక్టరుగారు, బొత్తిగా ఇబ్బందిపడుతూ.

లైబ్రరీ అక్కయ్య గబగబా ముందుకొచ్చింది. గొంతు లేదు కదా. పోస్టుమాన్ నాటకంలోలా గాల్లో ఉత్తరం విప్పింది, చదువుతున్నట్టు నటించింది, నెత్తి మీద కొట్టుకుని ఖాళీ చేతులు చూపించింది. ఆ పైన గుండె పట్టుకుని ఎలక్ట్రీషియన్ మీద పడబోయి, డాక్టరుగారి వైపు వేలు చూపించింది. ఒక్క మాట లేకుండా ఆవిడ జీవితంలో అంత స్పష్టంగా ఎప్పుడూ మాట్లాడి ఉండదు. ఇంతకాలం ఎవరికివాళ్ళు తనొక్కరే అనుకుని గుట్టుగా ఉన్నారు. వాళ్ళందరి పరువూ నెత్తిన వేసుకుని, పోయినాయన అనిపించుకుంటూ, తిట్లన్నీ ఆయన తిన్నారు. మేడానికి ఆయన్ని చూస్తే నవ్వూ వచ్చింది, కాళ్ళమీద పడాలనీ అనిపించింది.

"డాక్టర్ గారూ, నిజం చెప్పండి. మీ సొంతానికి మీరెన్నిసార్లు పోయారు?"

ఆయన బుర్ర గోక్కుని ఆలోచించారు.

"ఒక్కసారే మేడం. మొదటి నాటకంలో. మాట మర్చిపోయాను, ఒక్కడు అందించలేదు. చావడం తప్ప దారి కనపళ్ళేదు. పడుకున్నాక ప్రాణానికి ఎంత హాయిగా ఉందో. ఇంకెవరూ అట్లా నిలబడిపోకూడదని అప్పుడే అనుకున్నాను."

ఇంతలో ఆయన భార్య గుమ్మంలోంచి తొంగి చూసి, పోయినవాళ్ళు ఇంతసేపు కబుర్లు చెప్పకూడదు, పదండి అంది. శనివారం రిహార్సల్‌కి ఆలస్యం చెయ్యొద్దని మేడం ఆయనకి వెనకనుంచి కేకేసి చెప్పింది. చొక్కాకి కొత్త గుండీలు కుట్టించుకోమని కూడా చెప్పింది.

తర్వాతి నాటకంలో బేకరీ ఆవిడ కొత్తగా చేరింది. మొదటి రోజే మాట తడబడి, ఆ పెద్దాయన తన వైపు గుండె పట్టుకుని తూలుతూ రావడం చూసి హడలిపోయింది. ఆయన నిజంగా బాగానే ఉన్నారా అని మేడాన్ని అడిగింది. కుర్చీలో కూర్చున్న మేడం కాలు ఈసారి నేలని నొక్కలేదు.

"బాగానే ఉన్నారు. మీద పడితే మాత్రం పక్కకి తప్పుకోకమ్మా, పట్టుకో. కాస్త బరువుంటారు. చెవి ఆయన నోటి దగ్గర పెట్టు."