పదకొండు మందికి అడ్రసు పంచిన శనివారం

ఒక్క వైరుతో ఒక అమ్మాయి చదువును గోదావరిలో కలపబోయిన ఘనుడెవరని అడిగితే, మా క్వార్టర్ల వరసలో ఇప్పటికీ అందరి వేళ్లూ నా వైపే తిరుగుతాయి. నవ్వండి, పరవాలేదు. నేనూ నవ్వుతూనే చెబుతాను.

అప్పుడు నాకు ఇరవయ్యారేళ్లు. గోదావరిఖనిలో గని స్టోర్‌లో క్లర్కుని. అక్కకు కాన్పయిందని మందమర్రి వెళ్లిన అమ్మ, మనవడిని వదల్లేక అక్కడే ఉండిపోయింది. రెండు గదుల క్వార్టర్లో నేనొక్కడినే. డ్యూటీ నుంచి వస్తే మళ్లీ మరునాటి డ్యూటీ దాకా నోరు విప్పే పని ఉండేది కాదు. మధ్యాహ్నం ఓపెన్ కాస్టు గనిలో బొగ్గు కోసం బ్లాస్టింగ్ చేస్తే కిటికీ అద్దాలు గలగలమనేవి. సెలవు రోజుల్లో నన్ను పలకరించేవి అవే. నేను మర్యాదగా "ఆఁ" అనేవాడిని.

కంప్యూటర్ సెక్షన్‌కు మారాలన్న ఆశతో ఒక పాత కంప్యూటర్ తెచ్చి, సర్వర్‌గా మార్చి నేర్చుకుంటున్నాను. అప్పటి పాఠం అడ్రసులు పంచడం. ఫోనైనా టీవీ అయినా నెట్‌లోకి రాగానే "నా నంబరేది?" అని అడుగుతుందట. సర్వర్ అడ్రసుగా ఒక నంబరిచ్చి, బయటికి పోయే దారి కూడా చెప్పాలి. నా సర్వర్ పది రోజులు కాచుకు కూర్చుంది. ఎవరూ అడగలేదు. అడ్రసు తీసుకున్నవాళ్ల జాబితా ఖాళీ. పాపం దాని బతుకూ నాలాగే ఉందని జాలిపడ్డాను.

ఒక శనివారం సెలవు పెట్టి మరీ వెతికితే తప్పు దొరికింది. వైరు దేనికీ తగిలించలేదు! ఎంత తెలివో చూడండి. నాలుగు ఇళ్లకు కలిపి ఉన్న ఒకే ఒక్క నెట్ డబ్బా మా ఇంటి గోడకే ఉండేది. వైరు తీసి అందులో గుచ్చాను.

అన్నం తిని వచ్చి చూస్తే జాబితాలో ముగ్గురు! మనుషుల పేర్లు లేవు, ఫోన్ల మోడళ్లే. ఎవరివీ అని ఆలోచించాలి కదా? ఆలోచించలేదు. వచ్చారు, అదే పదివేలు అనుకున్నాను.

అంతలో తలుపు దబదబా మోగింది. పక్కింటి రజిత.

"సంపతన్నా, నెట్ వస్తలేదు! ఫోన్ల డాటా గూడ అయిపోయింది. కాలేజీ సీటుకు ఆప్షన్లు పెట్టాలె. అయిదింటికి బంద్ అయితది!"

"ఫికర్ చెయ్యకు. ఫోన్ బంద్ చేసి మళ్ల చాలు చెయ్యి."

చేసింది. నెట్ రాలేదు. వెనకాలే వాళ్ల నానమ్మ కనకవ్వ వచ్చింది.

"ఏంది బిడ్డా, టీవీల చక్రం తిరుగుడే గని బొమ్మ వస్తలేదు."

"టీవీ గూడ బంద్ చేసి చాలు చెయ్యి అవ్వా."

ఏ రోగమొచ్చినా ఒకటే గోలీ ఇచ్చే డాక్టర్లా వరసంతటికీ అదే వైద్యం చేశాను. నా మందు పడిన ప్రతిసారీ జాబితాలో ఒకరు పెరుగుతున్నారు. అయిదు, ఏడు, తొమ్మిది. మీకు అర్థమైపోయే ఉంటుంది. నాకు కాలేదు. కనెక్షన్ ఇచ్చినాయనకు ఫోన్ చేసి గట్టిగా తిట్టాను కూడా.

"లైన్ మంచిగనే ఉన్నదన్నా," అన్నాడాయన.

"పోరి సీటు పోతే నీదే జిమ్మేదారి!" అని పెట్టేశాను.

నాలుగయ్యేసరికి ఇల్లు నిండిపోయింది. నెలల తరబడి ఒక్క జత చెప్పులే ఉన్న గుమ్మంలో తొమ్మిది జతలు. చాప పరిచి అందరికీ చాయ్ పెట్టాను. ఆపదలో అంత ఉల్లాసంగా ఉన్న మనిషిని లోకం చూసి ఉండదు.

అప్పుడే మొదటి షిఫ్టు దిగి మా వరసలోనే ఉండే డేవిడ్ అన్న వచ్చాడు. గనిలో ఎలక్ట్రీషియన్. సంగతంతా విని ఒక్కటే అడిగాడు.

"మోటర్ ఆగితే మేం ముందుగాల ఇదే చూస్తం తమ్మీ. పొద్దుగాల లేనిది కొత్తగ ఏం కలిపినవ్?"

నేను సర్వర్ వైపు చూశాను. జాబితాలో పదకొండు. నంబర్లిచ్చే పని అసలు డబ్బాది. అది జవాబిచ్చేలోపే నా సర్వర్ ఎగబడి అందరి ఫోన్లకూ, టీవీలకూ నంబర్లు పంచింది. బయటికి దారి మాత్రం తనలోంచే అని చెప్పింది. తీరా దానికే బయటికి దారి లేదు!

"తప్పు నాదే," అన్నాను. గుమ్మంలో రజిత చున్నీతో కళ్లు తుడుచుకుంటూ, "నాలుగున్నర అయిందన్నా," అంది.

నిజం చెప్పాలి. వైరు మీద చెయ్యి వేసి ఒక్క క్షణం ఆగాను. ఇది పీకితే వీళ్లంతా వెళ్లిపోతారు.

పీకేశాను. "ఇప్పుడు బంద్ చేసి చాలు చెయ్యున్రి."

రజిత ఉరికింది. అయిదుకు ఏడు నిమిషాలుందనగా గోడ అవతలి నుంచి "అయిపోయిందన్నా!" అని కేక. ఆమె సీటు తర్వాత వచ్చింది, నా ప్రాణం మాత్రం అప్పుడే తిరిగొచ్చింది. చూస్తుండగానే ఇల్లు ఖాళీ అయింది. కనకవ్వ ఒక్కతే చాప మీద మిగిలింది.

"మనుషులతోని మాట్లాడాలనుంటే వచ్చి మా తలుపు కొట్టు బిడ్డా. నెట్టెందుకు ఆపుతవ్?"

మరునాడు వెళ్లి డేవిడ్ అన్న తలుపు కొట్టాను. ఆయన నన్ను చూసి కంగారుపడ్డాడు. "నెట్ మంచిగనే వస్తున్నది గద తమ్మీ! మళ్ల ఏమైంది?"

"ఏం లేదన్నా. ఊకెనే వచ్చిన."

ఆయన పక్కకు జరిగి దారిచ్చాడు.

కాబట్టి పాఠకులారా, సర్వర్ సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: బొందిలో ప్రాణం ఉన్నంత వరకూ, అడగని ఏ ఫోనుకూ, ఏ టీవీకీ అడ్రసు ఇవ్వను. అడిగినా ఇవ్వను. ఏడ్చినా ఇవ్వను. ఒకవేళ మనసు మరీ గుబులుగా ఉంటే, ఉన్న ఊళ్లోనే నాలుగడుగులు వేసి, ఎవరి తలుపైనా కొట్టి నా మొహం నేనే చూపిస్తాను.