కాలువలకు మాట నేర్పిన దీవెనకుమారి గారు

మొన్న కాకినాడ దగ్గర ఒక కాలువ గట్టు మీద, నీటిమట్టం కొలిచే గొట్టం మూత తీశాను. నాచు, నత్తగుల్లలు, ఎండకు వేడెక్కిన నిలవ నీరు అన్నీ కలిసిన వాసన గుప్పున ముఖానికి కొట్టింది. పక్కనున్న కొత్త ఇంజనీర్లు ముక్కు మూసుకుని రెండడుగులు వెనక్కి వేశారు. నేను మాత్రం అక్కడే నిలబడి నవ్వుకున్నాను. "ఏంటి మేడమ్, నవ్వుతున్నారు?" అని అడిగారు వాళ్ళు. ఈ వాసన తగిలితే చాలు, నాకు మా దీవెనకుమారి గారు ఎదురుగా వచ్చి నిలబడతారని వాళ్ళకెలా చెప్పను? ఇప్పుడు దేశమంతటా మీటర్లు, మోటార్లు, వానకొలతలు, వీధిదీపాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటున్నాయని అందరూ గొప్పగా చెప్పుకుంటున్నారు. ఆ ముచ్చట పత్రికలకు ఎక్కక ముందే గోదావరి డెల్టాలో ఒక పెద్దావిడ కాలువల చేత మాట్లాడించారు. ఆవిడ దగ్గర నేను నాలుగేళ్ళు పని చేశాను. నాకొచ్చిన పనిలో సగం పైగా ఆవిడ నేర్పినదే.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో సంగతి. మాది పెద్దాపురం. కాకినాడలో ఎలక్ట్రానిక్స్ డిప్లొమా ముగించి, ధవళేశ్వరంలో కాలువల కార్యాలయంలో కాంట్రాక్టు టెక్నీషియన్‌గా చేరాను. ఆనకట్ట దగ్గర నుంచి కాలువ చివరి దాకా పన్నెండు చోట్ల పెట్టెలు పెట్టాలి. ప్రతి పెట్టెకీ ఒక సోలార్ పలక, ఒక బ్యాటరీ, ఒక వైర్‌లెస్ సెట్టు ఉంటాయి. అది గంటకోసారి నీటిమట్టం కొలిచి ధవళేశ్వరంలోని కంప్యూటర్‌కి కబురు పంపాలి. అప్పటిదాకా ఆ పని కాలువ గట్ల మీద ఉండే లస్కర్లు చేసేవారు. గేట్లు ఎత్తడం, దించడం, గట్టు కాపలా కాయడం కూడా వాళ్ళ పనే. వాళ్ళు చూసి రాసిన లెక్క ఆఫీసుకి చేరేసరికి ఒక్కోసారి మర్నాడు అయ్యేది. ఈలోగా పైన నీళ్ళు పొర్లిపోతుండేవి, శివారు పొలాల్లో నారు ఎండిపోతుండేది.

ఈ పనికంతా పెద్ద దీవెనకుమారి గారు. యాభై దాటిన మనిషి. పొట్టిగా, బొద్దుగా, నేతచీర కింద కాన్వాసు బూట్లు తొడుక్కుని, మోపెడ్ మీద గట్లన్నీ చుట్టబెట్టేవారు. ఆదివారం లూథరన్ చర్చిలో పాటల బృందాన్ని నడిపేవారు కాబట్టి, మిగిలిన ఆరు రోజులూ స్క్రూడ్రైవర్ తిప్పుతూ ఆ వారం పాటలు సాధన చేసేవారు. నవ్వితే పక్క గదిలో గుమాస్తాలు కూడా ఎందుకో తెలియకుండానే నవ్వేసేవారు. నేను చేరిన రోజు సర్టిఫికెట్లు చేతికిస్తే వాటిని బల్ల మీద పెట్టేసి, "సర్టిఫికెట్లు ఎక్కడికీ పోవులే గానీ వరలక్ష్మీ, మోపెడ్ వెనకాల కూర్చోవడం వచ్చా?" అన్నారు. అరగంటలో ఇద్దరం ఒక లాకు దగ్గర, అంటే కాలువ నీటిని ఆపి వదిలే గేట్ల దగ్గర ఉన్నాం. అక్కడ లస్కరు గంగరాజు గారు. ఆ లాకు పక్కనే ఆయన ఇల్లు, ఆ లాకు దగ్గరే ఆయనకి ముప్పై ఏళ్ళ ఉద్యోగం. మేడమ్ నాకు నీళ్ళలో నిలబెట్టిన, అంకెలు వేసిన గేజి రాయి చూపించి ఎంతుందో చదవమన్నారు. నేను తడుముకోకుండా అడుగుల్లో చెప్పేశాను. గంగరాజు గారు మెల్లగా, "అల పైకొచ్చినప్పుడు చూశారండి, అమ్మాయిగారు. కిందికెళ్ళినప్పుడూ చూసి, రెంటికీ మధ్యది చెప్పాలండి" అన్నారు. నాకు చెవులు ఎర్రబడ్డాయి. మేడమ్ మాత్రం సంబరంగా, "చూశావా, మన పెట్టెకి మొదటి పాఠం చెప్పేశారు. రాసుకో" అన్నారు. నిజంగానే ఆ తర్వాత ప్రతి పెట్టె చేతా పదిసార్లు కొలిపించి, సగటు పంపించేలా మార్చాం.

అసలు చిక్కు వేసవిలో వచ్చింది. మరమ్మతుల కోసం కాలువలకి నీళ్ళు ఆపేసిన రోజులవి. మళ్ళీ నీళ్ళు వదిలేలోగా అన్నీ బిగించేయాలి. పెట్టెలు మూడు కంపెనీల దగ్గర నుంచి వచ్చాయి. నీటిమట్టానివి ఒకరివి, వానకొలతవి ఇంకొకరివి, గేటు ఎంత ఎత్తారో చెప్పేవి వేరొకరివి. ఒకరి పెట్టె చెప్పింది ఇంకొకరి కంప్యూటర్‌కి అర్థం కాదు. మీటింగులో ఒక కంపెనీ ప్రతినిధి టై సర్దుకుంటూ, "మా పెట్టె మా కంప్యూటర్‌తో మాత్రమే మాట్లాడుతుందండి. అన్నీ మావే తీసుకుంటే మీకే ఇబ్బందీ ఉండదు మేడమ్" అన్నాడు. మేడమ్ అతని వైపు జాలిగా చూసి, "అంత మొహమాటస్తురాలైన పెట్టెని కాలువ గట్టు మీద ఒంటరిగా ఎలా వదుల్తామండీ?" అన్నారు. గదంతా ఘొల్లుమంది. కానీ మా పై ఇంజనీరు గారు నవ్వలేదు. "నీళ్ళు వదిలే రోజుకి ఇవి పనిచేయకపోతే మొత్తం ఒకే కంపెనీకి అప్పగించేస్తానండి. అప్పుడు మీ విభాగం అవసరం ఉండదు" అని తేల్చి చెప్పి వెళ్ళిపోయారు. అంటే కాంట్రాక్టులో ఉన్న నేను ఇంటికి, రిటైర్మెంటు దగ్గరపడిన ఆవిడ ఏదో మూల ఫైళ్ళ గదికి.

ఆ మధ్యాహ్నం ఆవిడ క్యారేజీ విప్పి, ఆవకాయ అన్నం సగం నా మూతలో పెట్టి, ఒక తెల్లకాగితం ముందుకు లాక్కున్నారు. "మీ అమ్మగారు నీకు కార్డుముక్క రాస్తే అందులో ఏముంటుంది?" అని అడిగారు. ఎవరు రాశారో, ఏ రోజు రాశారో, ఏం కబురో ఉంటాయన్నాను. "ఇంకా?" అన్నారు. "ఒంట్లో ఎలా ఉందో రాస్తుందండి" అన్నాను. ఆవిడ అన్నం చేత్తోనే బల్ల మీద చరిచారు. "అదీ! ఏ కంపెనీ పెట్టయినా సరే, ఇంతే చెప్పాలి. నేను ఎవరిని, ఇప్పుడు టైమెంత, ఏం కొలిచాను, ఎంత వచ్చింది, నా బ్యాటరీ ఎలా ఉంది. ఇదే వరసలో చెప్పాలి. లోపల ఎవరి విద్య వాళ్ళు చూపించుకోవచ్చు. గడప దాటిందంటే అందరిదీ ఒకటే భాష." నాలుగు రోజులు కూర్చుని ఆ భాషని నాలుగు కాగితాల్లో రాశారు. నేను చదివి అర్థం కాలేదన్న ప్రతి వాక్యాన్నీ కొట్టేసి మళ్ళీ రాశారు. ఆ నాలుగు కాగితాలూ మూడు కంపెనీలకూ పంపాం. ఇద్దరు ఒప్పుకున్నారు. టై కట్టుకున్నాయన మాత్రం ఒక పట్టాన లొంగలేదు. మేడమ్ రోజూ పదిన్నరకి ఫోను చేసి, చాలా మర్యాదగా, "ఏమండీ, మీ పెట్టెకి నోరొచ్చిందా?" అని అడిగేవారు. తొమ్మిదో రోజున ఆయనే వాళ్ళ ఇంజనీర్ని వెంటబెట్టుకుని వచ్చాడు.

ఆ నెలంతా ఎండిన కాలువ అడుగున నడుస్తూ గొట్టాలు పాతించాం, యాంటెన్నాలు ఎత్తించాం. చున్నీ నడుముకి బిగించి నేను స్తంభం ఎక్కుతుంటే కింద నుంచి మేడమ్, "కుడికి తిప్పు, ఇంకాస్త, ఆఁ, అక్కడే!" అని కేకలు వేసేవారు. నీళ్ళు వదలడానికి ఇంకా రెండు రోజులున్నాయనగా, ఉదయం పదకొండు గంటలకి కంప్యూటర్ తెర మీద మూడు కంపెనీల పెట్టెల కబుర్లు ఒకే పట్టికలో, ఒకదాని కింద ఒకటి వచ్చాయి. కాలువ ఎండి ఉంది కాబట్టి నీటిమట్టం అన్నిచోట్లా సున్నాయే. ఆ సున్నాలు చూసి మేము గంతులేశాం. పై ఇంజనీరు గారు వచ్చి, "ఏంటండీ, సున్నాలకా ఇంత సంబరం?" అన్నారు. "ఎక్కడెక్కడి సున్నాలో చూడండి సార్! శివారు నుంచి కూడా వచ్చింది" అన్నారు మేడమ్. ఆయన కళ్ళజోడు పెట్టుకుని తెర మీదికి వంగి చాలాసేపు చూశారు. చివరికి ఆయనే టీలు తెప్పించారు.

అలా గెలిచేసరికి నాకు కాస్త తలకెక్కింది. ఆగస్టులో ఒకసారి గంగరాజు గారి లాకు దగ్గర పెట్టె రెండు రోజుల పాటు ఒకటే అంకె పంపింది. నీరు ఎంత నిలకడగా ఉందోనని మురిసిపోయాను. ఆయన ఫోను చేసి అర అడుగు పెరిగిందంటే, "పెట్టె అలా చెప్పడం లేదండి, మీరు మళ్ళీ చూసుకోండి" అని పెట్టేశాను. మేడమ్‌కి తెలిసి, వెంటనే మోపెడ్ తీశారు. లాకు దగ్గర గొట్టం మూత తీస్తే ఆ వాసన! నత్తలు పట్టి, గుర్రపుడెక్క వేళ్ళు చుట్టుకుని, లోపల నీటితో పాటు లేస్తూ దిగుతూ మట్టం చెప్పే బుడ్డి కదలకుండా ఇరుక్కుపోయింది. గేజి రాయి మీద గంగరాజు గారి మాటే నిజం. మేడమ్ ఆయనకి చేతులు జోడించి, "తప్పు మాదండి రాజుగారూ. మీరు చెప్పింది వినలేదు" అన్నారు. ఆయన కంగారుపడి, "అయ్యో, పెద్దవారు, మీరలా అనకూడదండి" అని లోపలికి వెళ్ళి మజ్జిగ తెచ్చారు. దార్లో నేను ఏడుపు ఆపుకుంటుంటే మేడమ్ బండి ఆపి, "యంత్రం తప్పు చెప్పిందని నాకేం కోపం లేదు. నత్తలకి మన ప్రాజెక్టు సంగతేం తెలుసు? అక్కడే ఉన్న మనిషి చెబుతుంటే నువ్వు ఫోను పెట్టేశావు చూడు, అది మాత్రం ఇంకెప్పుడూ చేయకు" అన్నారు. అంతే, మళ్ళీ ఆ ఊసెత్తలేదు. మర్నాడు పట్టికలో పెట్టె చెప్పిన అంకె పక్కన ఇంకో గడి చేర్పించారు. రోజుకి రెండుసార్లు లస్కరు కళ్ళతో చూసి చెప్పిన అంకె అందులో రాయాలి. రెండూ కలవకపోతే ఎవరో ఒకరు బయల్దేరి వెళ్ళాలి. గొట్టాలు శుభ్రం చేసే పని నేను అడిగి మరీ తీసుకున్నాను. గంగరాజు గారు కొబ్బరి పీచు వెదురుకి కట్టి నాకొక బ్రష్షు చేసిచ్చారు. అంత బాగా పనిచేసే బ్రష్షు ఏ కంపెనీ వాడూ ఇవ్వలేదు.

అక్టోబరు వానల్లో అసలు పరీక్ష ఎదురైంది. మూడు రోజులు ఎడతెరిపి లేకుండా కురిసి, నాలుగో రోజు తెరిపిచ్చింది. మధ్యాహ్నం భోజనాలవగానే తెర ముందు కూర్చున్నాను. పై లాకు దగ్గర మట్టం కదల్లేదు. గంగరాజు గారి దగ్గర మాత్రం గంటలో అడుగు దిగిపోయింది. మళ్ళీ నత్తలేమో అనుకుంటూనే ఈసారి ఫోను అందుకున్నాను. నేను చేసేలోపే అది మోగింది. "అమ్మాయిగారూ, నీళ్ళు దిగిపోతున్నాయండి! నేను గేటు ముట్టుకోలేదండి!" గంగరాజు గారి గొంతు అంత గట్టిగా నేనెప్పుడూ వినలేదు. మేడమ్ రెండు అంకెలూ చూశారు. "గండి పడింది. ఈ రెండు లాకుల మధ్యే" అని లేచి, పై లాకు లస్కరుకి గేట్లు దించమని చెప్పి, పై ఇంజనీరు గారిని ఇసుక బస్తాలు, కూలీలతో పంపమని అడిగి, మోపెడ్ తీశారు. మేము అటు నుంచి, గంగరాజు గారు సైకిల్ మీద ఇటు నుంచి గట్టు వెతుక్కుంటూ వచ్చాం. మూడో మైలు రాయి దగ్గర గట్టు మంచమంత వెడల్పున తెగి, ఎర్రనీళ్ళు చేలల్లోకి దూకుతున్నాయి. ఆ చేల అవతలే ఊరు, ఊరి మొదట్లోనే బడి. గంగరాజు గారు అప్పటికే పొలాల్లో ఉన్నవాళ్ళని కేకేసి పిలిచి, తాటిదుంగలు అడ్డం వేయిస్తున్నారు. గేట్లు దించడంతో నీటి జోరు తగ్గింది. బస్తాల లారీ వచ్చేసరికి ఊళ్ళో సగం మంది గట్టు మీద వరసకట్టి నిలబడ్డారు. చీకటి పడకముందే గండి పూడ్చాం. నాలుగైదు చేలు మునిగాయి గానీ నీళ్ళు బడి దాకా రాలేదు.

మోకాళ్ళ దాకా బురదలో, బూటు ఒకటి ఎక్కడో పోగొట్టుకుని, మేడమ్ నవ్వుతూ నిలబడిన తీరు ఇప్పటికీ నా కళ్ళ ముందుంది. ఊళ్ళోవాళ్ళు గంపలతో ఉప్మా తెచ్చారు. పై ఇంజనీరు గారు ఆవిడకి కరచాలనం చేయబోతే, ఆవిడ గంగరాజు గారిని భుజం పట్టి ముందుకి తోశారు. "పెట్టె ఒక్కటే చెప్పుంటే మేము ఇంకో గంట అనుమానపడేవాళ్ళం సార్. ఈయన చెప్పబట్టి లేచాం" అన్నారు. గంగరాజు గారు బురద చేతులు పంచెకి తుడుచుకుని, తుడుచుకుని, చివరికి చెయ్యి చాపారు.

ఆ తర్వాత పక్క డెల్టా నుంచి, వేరే రాష్ట్రాల నుంచి ఇంజనీర్లు వచ్చి చూసి వెళ్ళడం మొదలైంది. వచ్చిన ప్రతివాళ్ళకీ మేడమ్ ఆ నాలుగు కాగితాలూ జిరాక్సు తీయించి ఇచ్చేవారు. ఒకరోజు నేను ఉండబట్టలేక, "కింద మీ పేరైనా లేదేంటండీ? రేపు ఎవరో తమదని చెప్పుకుంటే?" అన్నాను. ఆవిడ కాగితాలకి పిన్ను కొడుతూ, "చెప్పుకోనీ. నా పేరుంటే దిద్దడానికి మొహమాటపడతారు వరం. దిద్దితేనే కదా అది వాళ్ళ ఊళ్ళో పనిచేసేది" అన్నారు. రిటైరై నిడదవోలులో చెల్లెలి గారింటికి వెళ్ళాక కూడా, ఎక్కడి నుంచో ఎవరో మార్చి పంపిన కాగితాలు నాకు చూపించి, "ఇదిగో, ఇది నాకు తట్టనే లేదు!" అని పొంగిపోయేవారు. ఆ ఇంట్లోనే, పాటలు నేర్చుకోవడానికి వచ్చే పిల్లల సందడి మధ్య, ఆవిడ చివరి ఏళ్ళు గడిచాయి.

ఇప్పుడు దేశం మొత్తానికి ఇలాంటి యంత్రాల మాటతీరు ఎలా ఉండాలో రాసే సంఘంలో నేనూ ఒకదాన్ని. కిందటి నెల నేను ఎంతో ఇష్టపడి రాసిన భాగాన్ని అస్సాం నుంచి వచ్చిన ఒక చిన్న వయసు ఇంజనీరు అందరి ముందూ తప్పుపట్టింది. వరదలో నెలల తరబడి మునిగి ఉండే చోట అది పనికిరాదంది. ఒక్క క్షణం మనసు చివుక్కుమంది, అబద్ధం చెప్పను. తర్వాత ఆ అమ్మాయి చెప్పేది వింటున్నకొద్దీ నాలో ఏదో ఉత్సాహం పైకి పొంగుకొచ్చింది. కుర్చీ దగ్గరకు లాక్కుని, "మీ దగ్గర నీళ్ళెలా వస్తాయో మొదటి నుంచి చెప్పమ్మా" అన్నాను. భోజనాల వేళ దాటిపోయిందని ఎవరో వచ్చి గుర్తుచేసేదాకా మేమిద్దరం లేవలేదు.